మూత, జాలీ, మా చిన్నమ్మ చెయ్యి

మొన్న ఆయుధపూజ అయిన మర్నాడు హిందూపురంలో మా కొడుకు షెడ్డులో జరిగింది చూసి నాకు రోత పుట్టింది. వాడూ కోడలూ చెక్క మీద పేర్లూ దేవుడి బొమ్మలూ చెక్కే చిన్న మిషను ఒకటి పెట్టుకున్నారు. కంప్యూటరు చెప్పినట్టు దాని ములికి గిరగిర తిరుగుతూ చెక్కను తొలుచుకుంటూ పోతుంది. పైన గాజులాంటి మూత, మూతకు లోపలివైపు ఒక మెరిసే బిళ్ళ, పెట్టెలో దానికి ఎదురుగా ఒక చిన్న కన్ను. బిళ్ళ కన్నుకు కనబడితేనే మిషను తిరుగుతుంది, మూత ఎత్తితే ఆగిపోతుంది. ఆ రోజు మూత మూసే ఉన్నా, తెరిచి ఉందని తెర మీద చూపించి మొరాయించింది. నేను నలభై దాటినాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని, అవీ తెలుగువే, కాబట్టి ఆ ఇంగ్లీషు ముక్క కోడలే చదివి చెప్పింది.

మా వాడు మూతను ఎత్తి వేసినాడు, తీగలు పీకి పెట్టినాడు, చివరికి బిస్కెట్టు పొట్లం చించి, లోపలి వెండి కాగితం ముక్కను సరిగ్గా ఆ కన్ను ముందర అంటించినాడు. ఇక మూత ఉన్నా లేకున్నా దానికి ఒకటే. మిషను నోరు తెరుచుకుని తిరుగుతూ ఉంటే కోడలు దాని మీదికి వంగి పొట్టు ఊదుతోంది.

"ఆ బిడ్డ చెయ్యి యాడ పెడతాండాదో చూసినావేమప్పా?" అన్నాను.

"ఏం కాదులేమ్మా. నిన్ననే దీనికి గుమ్మడికాయ కొట్టినా గదా" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. నా పెండ్లికి ముందు అమ్మా, చిన్నమ్మా, నేనూ ధర్మవరంలో చెనక్కాయల మిల్లుకు కూలికి పోయేవాళ్ళం. నా ఈడు వాళ్ళకు ఆ మిల్లులు గుర్తుండే ఉంటాయి, ముక్కుల నిండా దుమ్ము, తల విదిలిస్తే రాలే ఎర్రపొర, ఎండలో కాగిన కాయల కమ్మటి వాసన, ఆ వాసన మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే. కాయలు ఒలిచే మిషను బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ ఉండేది. ఒక ఆయుధపూజకు చక్రానికి బంతిపూల దండ వేయాలని దాన్ని విప్పినారు. పూజ ఘనంగా చేసి మాకు బొరుగులూ బెల్లమూ పంచినారు గానీ జాలీ మళ్ళీ బిగించలేదు. బెల్టు జారినప్పుడల్లా జాలీ విప్పే చాకిరీ తప్పిందని మిస్త్రీకి సంబరం, యజమాని ఇంటి ఆడవాళ్ళు దాన్ని మిద్దెమీదికి మోసుకుపోయి వడియాలు ఎండబెట్టుకున్నారు. ఎవరైనా అడిగితే, పూజ చేసినాం కదా, అమ్మవారే చూసుకుంటుందని జవాబు. చిన్నమ్మ పొట్టు ఊడుస్తూ చెయ్యి చాపింది. కుడిచేతి వేళ్ళు పోయినాయి.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. కానీ పెనుకొండలో నా పెండ్లికి కూడా బంతిలో కూర్చోలేదు. ఎడమచేత్తో తినేది నలుగురూ చూస్తారని, అందరూ లేచినాక వంటసాలలో గోడవైపు తిరిగి తినింది.

నేను ఇదంతా చెప్పినాక కోడలు మిషను ఆపి, అమ్మినవాళ్ళకు ఫోను చేసింది. బిళ్ళను తుడిచి చూడమన్నారు. తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. మా వాడు పూజనాడు మూతకు లోపలా బయటా పసుపూ కుంకుమా మెత్తి, ఆ బిళ్ళకూ ఇంత బొట్టు పెట్టి ఉన్నాడు. కాపాడే కన్నుకు అడ్డంగా బొట్టు పెట్టింది వాడే, అది ఆగిందని కాగితంతో దాన్ని మోసం చేసిందీ వాడే.

అయినా కాగితం తీయడానికి వాడికి మనసు రాలేదు. "ఉండనీమే, మళ్ళీ ఆగితే పనికొస్తాది. మూత లేకుంటే పొట్టు ఊదేకి బాగుంటాది" అన్నాడు.

"ఊదేది నేను. అంత బాగుంటే నువ్వే వంగి ఊదుకో పో" అని కోడలు గోటితో కాగితం గీకి పారేసింది.

ఇప్పుడు వసారాలో కూర్చుని వింటూ ఉంటాను. మూత వేసి ఉంటే మోత కుండలో దూరిన తుమ్మెదలా ముద్దగా వస్తుంది. ఆ కాలంలో మిషనుకు మనిషి సంగతి తెలియదు. ఇప్పుడు దానికి కన్ను పెట్టినారు, మనవాళ్ళు మొదట దానికే గంతలు కడతారు. అయినా ఆ ముద్దమోత వింటే నాకు నెమ్మది. ఆ రోజు మిల్లులో మిషను మోతకు చిన్నమ్మ అరుపు పక్కనున్న మాకు కూడా వినబడలేదు. ఆమె పొట్టుకుప్ప మీద కూలబడితే, అలిసి కూర్చుందనుకున్నాం.