ఏబీ ఎటు నుంచి ఎటు

దబీర్‌పురా స్టేషన్ దగ్గర మూడంతస్తుల జూనియర్ కాలేజీలో పదకొండేళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వెక్టర్లు నా సొత్తు అనుకునేవాణ్ణి. ఆ చాప్టర్ వస్తే మిగతా లెక్చరర్లు నీళ్లు నమిలేవాళ్లు. నేను మాత్రం చాక్‌పీస్ పట్టుకుంటే గంట కొట్టేదాకా ఆగేవాణ్ణి కాదు. ఈ పొగరు సంగతి ముందే చెప్పేయడం మంచిది, తర్వాత జరిగినదానికి మూలం అదే కాబట్టి.

వెక్టర్ అంటే పొడవూ దిక్కూ రెండూ ఉన్న గీత. ఏ నుంచి బీకి పోతే ఒకటి, బీ నుంచి ఏకి వస్తే దానికే మైనస్. ఇది పిల్లల బుర్రల్లోకి ఎక్కడానికి నేనొక మంత్రం కట్టాను: చివరిదాంట్లోంచి మొదటిది తీసెయ్. బీ విలువల్లోంచి ఏ విలువలు తీసేస్తే ఏబీ వస్తుంది. క్లాసంతా ఆ మంత్రం ఒక్కటే ఎక్కాల్లాగా వల్లించేది. మా కాలేజీకి ఇలాంటి మంత్రాలే నప్పుతాయి. రోజూ పొద్దున స్లిప్ టెస్టు, సాయంత్రానికల్లా అరవై పేపర్లు దిద్దాలి. దిద్దడమంటే చివరి లైన్లో జవాబు చూసి రైట్ కొట్టడం. మధ్యలో ఏం రాశారో చదివేంత తీరిక ఎవరికీ ఉండదు. చదువుతూ కూర్చున్నవాణ్ణి ప్రిన్సిపాల్ పిలిచి, పని రాదా అని అడుగుతాడు.

ఆ అమ్మాయి కిషన్‌బాగ్ నుంచి వచ్చేది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం సర్కారు బడి, మా దగ్గర ఇంగ్లిష్ మీడియం. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. చేర్పించిన రోజే ఆయన నా ముందు షరతు పెట్టాడు. సిటీలో ఉన్న సర్కారు ఇంజనీరింగ్ కాలేజీలో సీటొస్తే చదివిస్తాడు. ఊరవతల రెండు బస్సులు మారి పోయే ప్రైవేటు కాలేజీకి పంపడు, ఆ ఫీజు కట్టే తాహతు కూడా లేదు. సీటు రాకపోతే ఇంటర్‌తో సరి. ఆయన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. పిల్ల పక్కనే నిలబడి విని, సరేనని తలూపింది.

మొదటి ఏడాది వెక్టర్లు నడుస్తున్నప్పుడు ఒకసారి నోట్‌బుక్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చతుర్ముఖి ఘనపరిమాణం లెక్క. బోర్డు మీద నాకు ప్లస్ వచ్చిన చోట తనకు మైనస్ ఎందుకొచ్చిందని అడిగింది. "మాడ్యులస్ పెట్టినంక మైనస్ ఫికర్ ఎందుకు బేటా, అదే పోతది" అన్నాను. మాడ్యులస్ అంటే జవాబుకు అటూ ఇటూ నిలబెట్టే రెండు నిలువు గీతలు. వాటి మధ్య పడితే ఎంతటి మైనసైనా మాయమవుతుంది. మసిపూసి మారేడుకాయ చేయడానికి లెక్కల్లో అంతకన్నా మంచి సాధనం లేదు. ఆమె గీతలు పెట్టింది, జవాబు కలిసింది, నేను రైట్ కొట్టాను.

బోర్డు పరీక్షలో వెక్టర్ల నుంచి వచ్చే పెద్ద ప్రశ్నలన్నీ దాదాపు ఇదే కోవ. వైశాల్యం, ఘనపరిమాణం, రెండు రేఖల మధ్య దూరం. మైనస్ ఎక్కడో ఒకచోట దానంతటదే కొట్టుకుపోతుంది. ఆమెకు ఆ పేపర్లో డెబ్బై ఐదుకు డెబ్బై ఐదు వచ్చాయి. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. ఫొటో వద్దని తండ్రి అంటే ఆ గడిలో గులాబీ పువ్వు బొమ్మ వేసి, కింద మార్కులు రాశారు. ఆ పువ్వును చూసినప్పుడల్లా నా ఛాతీ ఉబ్బేది.

ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ అయ్యాక జవాబుల కీ ఆన్‌లైన్లో పెట్టారు. ఆమె నెట్ సెంటర్లో తన జవాబులు ప్రింటు తీయించుకుని స్టాఫ్‌రూముకు వచ్చింది. "వెక్టర్లల్ల నాలుగు పోయినై సార్" అంది. లాక్కుని చూశాను. నాలుగింట్లోనూ అంకె సరైనదే, గుర్తు తిరగబడింది. ఏబీ వెంట జరిగితే పని ఎంత, ఏబీ దిక్కులో యూనిట్ వెక్టర్ ఏది, అలాంటివి. ప్రశ్న తయారుచేసేవాడు ప్లస్ జవాబునూ మైనస్ జవాబునూ పక్కపక్కనే పెడతాడు. అక్కడ మాడ్యులస్ ఎవరినీ కాపాడదు.

నాకు ఒళ్లు మండింది. కళ్లు నెత్తికెక్కాయా, గుర్తు చూసుకోవా అని స్టాఫ్‌రూమంతా వినబడేలా అరిచాను. ఆమె ఏడవలేదు. ప్రింటు తిరగేసి, ఆ లెక్కను మొదటినుంచీ చేయడం మొదలుపెట్టింది. నా మంత్రమే గొణుక్కుంటూ పెన్సిల్ మొనను బీ మీద పెట్టి, ఎడమకు ఏ వైపు జరిపింది.

"ఇది మొదటిది, ఇది చివరిది" అంది. అంతే మామూలుగా అంది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పదేళ్లు ఆమె చూపు ప్రతి పేజీలోకీ కుడి చివర నుంచే దిగింది. లెక్కలు ఎడమ నుంచి రాయాలని ఆమెకు తెలుసు, ఉర్దూ పుస్తకంలోనూ అంతే. కానీ ఉర్దూ వాక్యం మధ్యలో ఏబీ అనే రెండక్షరాలు వస్తే అది ఒక గీత పేరు మాత్రమే. పదో తరగతి దాకా ఏబీ అన్నా బీఏ అన్నా అదే గీత. దాని మొదలు ఎక్కడని అడిగే పని ఎవరికీ పడలేదు. అడగాల్సినవాణ్ణి నేను, అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఏబీలో మొదటిది ఏ అని ఆ రోజు చెప్పాను.

"మరి రెండేండ్ల సంది మీరు కొట్టిన రైట్లేంది సార్?" అని అడిగింది.

కొన్నాళ్లకు ర్యాంకు వచ్చింది. ఆ పరీక్షలో నాలుగు మార్కులంటే వందలమంది వెనక్కి. కౌన్సెలింగ్‌లో సర్కారు కాలేజీ ఆఖరి సీటు ఆమె ర్యాంకుకు కాస్త ముందే అయిపోయింది.

ఈలోగా కొత్త బ్యాచ్ వచ్చింది. బోర్డు మీద గీత గీసి ఏబీ అని రాసి, మొదటి బిందువు మీద వేలు పెట్టమన్నాను. బెంచీ బెంచీకీ తిరిగి చూశాను. నలభై మందిలో తొమ్మిది వేళ్లు బీ మీద ఉన్నాయి. పదకొండేళ్లలో ఇలాంటి వేళ్లు ఎన్ని ఉంటాయో గుణించడం నాకు చేతకాక కాదు. గుణించలేదు.

తర్వాత ఒక ఆదివారం కిషన్‌బాగ్ వెళ్లాను. తప్పు నాది అని ఆ తండ్రితో చెప్పాలని వెళ్లాను, ఇంకో ఏడాది చదివించమని, ఫీజు లేకుండా నేనే చెబుతానని. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన షాపు ముందు కుర్చీ తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. లోపల ఆ అమ్మాయి బాగైన మిషన్ మీద గుడ్డపేలిక వేసి కుట్టు సరిగ్గా పడుతోందో లేదో చూస్తోంది.

"మీరు మస్తు మెహనత్ చేసిండ్రు సార్. తప్పు మా పిల్లదే" అన్నాడాయన.

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందే, మిషన్ మీంచి తలెత్తకుండా ఆమె తండ్రికి చెప్పింది: "హౌ అబ్బా, నేనే ఉల్టా చదివిన. సార్ మంచిగనే చెప్పిండ్రు."

తండ్రితో ఎప్పుడూ ఉర్దూలో మాట్లాడే పిల్ల, ఆ మాట తెలుగులో అంది. నన్ను కాపాడిందో, నా ముఖాన కొట్టిందో నాకు తెలియలేదు. ఏదైనా సరే, నేను దాన్ని వాడుకున్నాను. పరీక్ష టెన్షన్‌లో గట్లనే అయితది భాయ్ అని, చాయ్ మొత్తం తాగి వచ్చేశాను.