శుక్రవారం పన్నెండు నుంచి మూడు

మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి మా చర్చి మందిరంలో వైఫై పోయింది. పన్నెండున్నరకు ఆ పిల్లకు పరీక్ష.

పిల్ల మా మందిరం ఊడ్చే ఆమె కూతురు. సంఘంలో అందరినీ పిలిచినట్టే ఆమెనూ చెల్లె అంటాను. నర్సింగ్ చదివింది. హైదరాబాదులో ఒక దవాఖానలో ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష. గదిలో ఇంకో మనిషి కనబడకూడదు, మాట వినబడకూడదు. కెమెరా, మైకు రెండూ తెరిచే ఉంటాయి. వాళ్ళది ఒకే గది ఇల్లు. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో పక్క కుర్చీ మోచేతికి తగులుతుంది. అందుకే నేను పిల్లలకు పాఠాలు చెప్పే ఆదివారం బడి చిన్న గది వాడుకోమని నేనే చెప్పాను. పొద్దున ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశాను. పన్నెండూ నలభై ఐదు దాటితే లోపలికి రానివ్వరు. మళ్ళీ రాయడానికి వీల్లేదు.

"టీచరమ్మా, నెట్టు పేరే కనిపిస్తలేదు" అంది పిల్ల, గొంతు సన్నగా చేసుకుని.

సీలింగుకు పళ్ళెంలా బిగించిన తెల్ల డబ్బాలోంచి వస్తుంది మా వైఫై. తలెత్తి చూశాను. నీలం దీపం నిలకడగా వెలుగుతోంది. అంటే డబ్బా బాగానే ఉన్నట్టు. కానీ నా ఫోన్లో కూడా పేరు లేదు. మందిరం పల్లంలో ఉంది, లోపల ఫోన్ సిగ్నల్ ఒక గీత వచ్చి పోతుంటుంది. పిల్ల స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న ల్యాప్‌టాప్ పలచటిది, వైరు పెట్టే చోటే లేదు.

ఇది సాతాను శోధన అనుకున్నాను. ఒక పేదింటి పిల్ల పైకి వస్తుంటే అడ్డుపడేవాడు ఎవడో నాకు తెలుసు. వాణ్ణి ప్రభువు నామంలో గట్టిగా గద్దించాను. తర్వాత కళ్ళు తెరిస్తే, ఎదురుగా చీపురు పట్టుకుని వాళ్ళమ్మ కనబడింది.

"పొద్దున బూజు దులిపినవ్ గదా. వైరుకు కట్టె తాకిచ్చినవా?"

"నేనాడికి పోనేలేదు టీచరమ్మా."

"మొన్న మైకు వైరు గూడ గిట్లనే ఊడింది. చెప్తే ఇనవ్. ఇప్పుడు నీ బిడ్డకే వచ్చింది చూడు."

పిల్ల తల వంచుకుంది. వాళ్ళమ్మ చీపురు గోడకు ఆనించింది.

స్విచ్చి ఆపి మళ్ళీ వేశాను. దీపం ఎర్రగా మారి, ఆరి, మళ్ళీ నీలం అయింది. పేరు రాలేదు. గేటు దగ్గరికి పరుగెత్తాను, అక్కడైతే మాట వినబడుతుంది. తుక్కుగూడ నుంచి వచ్చి డబ్బా బిగించిన అబ్బాయికి ఫోన్ చేశాను.

"వైఫై యాప్‌ల అంత పచ్చగనే ఉన్నదక్కా. డబ్బా మంచిగనే ఉన్నది. ఒకపారి రీసెట్ కొట్టుండ్రి. పక్కన సన్న బొక్క ఉంటది, పది సెకండ్లు ఒత్తి పట్టుండ్రి."

ఒత్తడానికి ఏమీ దొరకలేదు. ఆ తల్లే కొంగుకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. కుర్చీ ఎక్కాను, ఆమె కుర్చీని కదలకుండా పట్టుకుంది. పది లెక్కపెట్టాను. డబ్బా మొత్తం మరిచిపోయి, మళ్ళీ లేచి, నీలం దీపం వెలిగించుకుంది. పేరు మాత్రం లేదు. గోడ గడియారం పన్నెండూ ముప్పై ఆరు చూపిస్తోంది.

మళ్ళీ గేటు దగ్గరికి పరుగు.

"అక్కా, సెట్టింగులు డబ్బాల ఉండయి, కంపెనీ సర్వర్ల ఉంటయి. రీసెట్ కొట్టినా డబ్బా ఆ సర్వర్లకెల్లి పాతయే దెచ్చుకుంటది. యాప్‌ల మీరేమన్న మార్చిండ్రా?"

"నేనేం మార్చలే" అన్నాను. అనుమానం కూడా లేకుండా అన్నాను.

నా వెనకే వచ్చి నిలబడిన ఆ తల్లి మెల్లగా అంది: "శుక్రారం గదా టీచరమ్మా. ఉపాస ప్రార్థనలప్పుడు గూడ గీ టైమ్‌కే నెట్టు రాకపోతుండె. పిలగాండ్లు తిట్టుకుంట కూసుందురు."

ఫోన్ పెట్టేశాను.

ఈస్టర్‌కు ముందు వచ్చే సిలువ ధ్యానాల నలభై రోజుల్లో శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా మాకు ఉపవాస ప్రార్థన. మోకాళ్ళ మీద ఉండి కూడా యువకులు ఫోన్లు చూస్తున్నారని, ఆ మూడు గంటలు వైఫై పేరే కనబడకుండా యాప్‌లో పెట్టింది నేనే. ఈస్టర్ అయిపోయింది. తీసెయ్యడం మరిచిపోయాను. ఆ తర్వాత శుక్రవారం మధ్యాహ్నాలు మందిరం ఖాళీ, ఎవరికీ తెలియలేదు. ఆ డబ్బా ఇన్ని వారాలుగా నా మాటే వింటోంది.

గేటు దగ్గరే యాప్ తెరిచాను. తెర మీద సున్నా తిరుగుతూనే ఉంది. పన్నెండూ నలభై. పేజీ వచ్చింది. శుక్రవారం వరుసలో మూడు గడులు ఎర్రగా ఉన్నాయి. తొందరలో వేలు పక్క గడి మీద పడింది. సరిచేసి, మూడింటినీ తీసేసి, సేవ్ నొక్కాను. మళ్ళీ సున్నా. ఈసారి ఎవరినీ గద్దించలేదు. "ప్రభువా, నా తప్పు ఆ పిల్ల మీద వెయ్యకు" అన్నాను, అంతే.

"వచ్చింది!" లోపలినుంచి కేక. వెంటనే తలుపు మూసుకుంది.

అప్పుడు పన్నెండూ నలభై మూడు.

మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. తప్పు తెలిసినప్పుడు ప్రార్థన కంటే ముందు మనిషి దగ్గరికి పోవాలని పిల్లలకు ప్రతి ఆదివారం చెప్పేది నేనే. "చెల్లె, నన్ను..." అని మొదలుపెట్టాను. ఆమె నోటి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగ! లోపల మైకున్నది."

పరీక్ష అయిపోయేదాకా ఆ మాట నా గొంతులోనే ఉంది. బిగ్గరగా తప్ప ప్రార్థించడం ఎరగనిదాన్ని, పెదవులు కదపకుండా కూర్చున్నాను. పిల్ల బయటికి వచ్చి "రాసిన" అన్నాకే ఇద్దరినీ క్షమించమని అడిగాను. తల్లి చీపురు అందుకుంటూ "పోనీ తియ్యుండ్రి" అంది. నాకు అది చాలలేదు. ఆమె మీద నింద వేసినప్పుడు విన్నది ఆమె బిడ్డే అయినా, మైకు వైరు ఆమే ఊడగొట్టిందని నేను సంఘంలో చాలామందికి చెప్పి ఉన్నాను. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. అలవాటు ప్రకారం స్తోత్రం అనాలో వద్దో తెలియక కొందరు మధ్యలో ఆగిపోయారు.

రెండు వారాల తర్వాత ఆ చెల్లె చీపురుతో నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, మీ డబ్బాకు గీ శుక్రారం ఉపాసం ఉన్నదా? ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. బిడ్డకు ఇంటర్వ్యూ వచ్చింది."