తప్పు అడగని ఆసుపత్రి

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా ఇంట్లో నూలుకు రంగులు అద్దేవాళ్ళు. రంగు తొట్టిలో పోసే కాస్టిక్ సోడా నీళ్ళకు వేరే డబ్బా ఉండేది. తాగే చెంబు ఆ వైపు తేగూడదన్నది మా నాన్న కట్టుబాటు. తొమ్మిదేళ్ళ నాకు ఆ రోజు డబ్బా కనబడలేదు. వెతికే ఓపిక నాకు ముందునుంచీ లేదు. సోడా నీళ్ళు చెంబులోనే పట్టి, గట్టు మీద పెట్టి, ఆటకు పోయాను.

నాలుగేళ్ళ మా తమ్ముడు మంచినీళ్ళనుకుని ఒక గుక్క తాగాడు. వాడి కేకకు పరుగెత్తుకొచ్చేసరికి పెదవులు ఉబ్బుతున్నాయి. నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. వాణ్ణి ఎత్తుకోలేదు. చెంబు కడిగి బోర్లించి, ఆ తరువాతే అమ్మను పిలిచాను.

ఏదో పురుగును నోట్లో పెట్టుకున్నాడనుకున్నారు పెద్దవాళ్ళు. వాణ్ణి ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. అక్కడ డాక్టరు వచ్చేలోగా కక్కిద్దామని మా నాయనమ్మ గ్లాసులో ఉప్పునీళ్ళు కలపసాగింది. చెబితే నాన్న చంపేస్తాడు, చెప్పకపోతే తమ్ముడు చచ్చిపోతాడు. నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నాన్నంటేనే ఎక్కువ భయం.

నేను నాన్న వైపూ గ్లాసు వైపూ మార్చి మార్చి చూడడం గమనించిన నర్సమ్మ గోడ మీది అక్షరాలు చదవమంది. 'ఇక్కడ తప్పు అడగము. నొప్పి అడుగుతాము.'

"గా మాటలు ఉట్టిగనే రాయలే బిడ్డా. ఒక పిలగాడు పురుగుల మందు తాగితే, తిడ్తరని భయపడి ఇంటోళ్ళు జొరమని చెప్పిండ్రు. పాణం పోయినంక అసలు సంగతి తెల్సింది. అప్పుడు మా పెద్దసారు రాపిచ్చిండు. చెప్పు, మీ తమ్ముడు ఏం తాగిండు?"

"రంగుల్ల పోసే సోడా నీళ్ళు. నేనే పెట్టిన."

ఆమె ఒక్క ఉదుటున పోయి నాయనమ్మ చేతిలోని గ్లాసు లాక్కుంది. కక్కిస్తే గొంతు మళ్ళీ కాలుతుందట. నాన్న నా వైపు రెండడుగులు వేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. కొట్టలేదు. తమ్ముడు బతికాడు, గొంతు మాత్రం బొంగురుపోయింది.

తప్పు చేసిన పిల్లలు నన్ను చూసి దాక్కోకూడదన్న పంతం ఆనాటి నుంచీ నాతోనే ఉంది. మొన్నీమధ్య మా మనుమరాలు నా బీపీ మాత్రలు మింగి, "అమ్మమ్మా, నీ గోలీలు తిన్న" అంటూ తనే పరుగెత్తుకొచ్చింది. పిల్లకు ఏమీ కాలేదు గానీ, ఆసుపత్రికి పోయేదాకా ఆటోలో నా మెడనే గట్టిగా పట్టుకుంది.