ఎర్ర గీత చక్రం

మా అపార్టుమెంటు మెట్ల కింద కరెంటు మీటర్ల ఎర్ర లైట్లు మిణుకుమంటుంటే నాకు గవర్నర్‌పేటలోని అద్దె ఇల్లు గుర్తొస్తుంది. అక్కడి మీటరులో ఎర్ర గీత ఉన్న చక్రం తిరిగేది. అది ఎంత మెల్లగా తిరిగితే అంత మంచిదని నాన్న చెప్పారు.

ఒక ఏడాది మే నెలలో బిల్లు ఎక్కువొచ్చిందని ఓ ఆదివారం ఆయన ఇంట్లో స్విచ్చులన్నీ ఆపించారు. అయినా చక్రం తిరుగుతూనే ఉంది.

"ఇంకా ఏం వేసుందే?"

"అత్తయ్యగారి గదిలో ఫ్యానండీ," అంది అమ్మ.

"పగలూ రాత్రీ అదేనా!" అని గట్టిగా విసుక్కుని, వెంటనే గొంతు తగ్గించి, "సర్లే, ఉండనీ," అన్నారు నాన్న.

మంచం పట్టిన నాయనమ్మకి ఆ రెండో మాట వినపడలేదని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వడగాడ్పు కొడుతోంది. బిల్లు తగ్గాలని మిగతా ఫ్యాన్లన్నీ ఆపి అందరం వరండాలో విసనకర్రలు పట్టుకుని కూర్చున్నాం. మీటరు చూసి నేను ఎగిరి గంతేశాను.

"నాన్నా, చక్రం ఆగిపోయింది!"

నాన్న నాయనమ్మ గదిలోకి పరుగెత్తారు. ఫ్యాను ఆపేసి ఉంది, మంచం పక్క స్విచ్చుబోర్డు కింద ఆవిడ చేతికర్ర పడి ఉంది. ఆవిడ ఒళ్లు కాలిపోతోంది. సాయంత్రానికి పోయింది.

కర్మలయ్యాక చూస్తే ఖాళీ మంచం పైన ఫ్యాను తిరుగుతోంది. నాన్న కోప్పడతారేమోనని భయపడుతూనే చెప్పాను.

"తిరగనీరా," అన్నారు.

వేసవంతా తిరిగింది.