తలకట్టు ఎప్పుడు పెట్టాలి

జనగామలో నాతో చైనీస్ నేర్చుకున్న, నర్మెట్ట ఊరి అక్క అనగానే ఆమె చూపుడువేలే గుర్తొస్తుంది. బస్సులో కూడా అరచేతిలో అక్షరాలు రాసుకునేది. తెలుగు అలవాటు కదా, తలకట్టు పెట్టినట్టు పై గీతను ఆఖరున గీసేది. చైనీస్‌లో అదే ముందు గీయాలి.

"గీతల వరస రాకపోతే ఉద్యోగ పరీక్షకు పంపను," అంది మాకు చైనీస్ నేర్పడానికి ఢిల్లీ నుంచి వచ్చిన మేడం, వచ్చీరాని తెలుగులో.

క్లాసుల చివరి రోజు అక్క బోర్డు మీద 'ఆకాశం' అని చైనీస్‌లో రాసింది. పై గీత ముందు పడింది, తక్కినవి వరసగా దిగాయి. మేడం చప్పట్లు కొట్టింది. అక్క సుద్దముక్క ఆమె చేతికిచ్చింది.

"ఇగ మీరు తెలుగుల 'క' రాయుండ్రి మేడం."

మేడం ముందే తలకట్టు పెట్టేసింది.

"గట్ల కాదు మేడం! మా దాంట్ల తలకట్టు ఆఖరికి," అంటూ అక్క ఆమె అరచెయ్యి పట్టుకుని, వేలితో రాసి చూపించింది.