తుపానులో చిక్కుకున్నది నేనట!

ఈ సాయంత్రం హైదరాబాద్ నుంచి ఒక టీవీ ఛానెల్ వాళ్ళు ఫోన్ చేసి, అండమాన్ తుపాను గురించి లైవ్‌లో మాట్లాడమన్నారు. నా నంబరు వాళ్ళకెవరిచ్చారో తెలియదు. టీవీ పెట్టి చూస్తే నా పేరు కింద ‘తుపానులో చిక్కుకున్న తెలుగువాడు’ అని వేశారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, అండమాన్‌లోని బ్రూక్షాబాద్‌లో. బడిలో పాఠాలు చెబుతున్నదీ ఇక్కడే.

“సముద్రం ఇళ్ళలోకి వచ్చేసిందా సార్?” అని యాంకరమ్మ ఆత్రంగా అడిగింది.

“లేదండీ, సన్నగా తుంపర పడుతోంది. నిజంగా చిక్కుకుపోయింది మా పక్కింటి సింహాచలం. శ్రీకాకుళంలో ఆమె కూతురికి కాన్పు కష్టమైంది. సముద్రం బాగాలేదని వైజాగ్ ఓడ ఆపేశారు. విమానం ఎక్కే స్తోమత ఆమెకు లేదు. ఓడ మళ్ళీ ఎప్పుడో మీరైనా కనుక్కోండి.”

“సార్ మాట మనకు సరిగా వినిపించడం లేదు,” అని యాంకరమ్మ వేరే వార్తలోకి వెళ్ళిపోయింది. ఆమె మాట మాత్రం నాకు స్పష్టంగానే వినిపించింది.

చేపలమ్మే సింహాచలం దీదీ నా పక్కనే కూర్చుని అంతా వింది. ప్రయాణానికి సర్దుకున్న సంచి ఆమె ఇంకా విప్పలేదు.

“ఆలకి ఏడుపే కావాలంటే నానేడుస్తాను భయ్యా. ఓడెప్పుడెల్తాదో అడిగి సెప్పమను.”

నవ్వబోయాను గానీ ఆమె నవ్వడం లేదు. ఛానెల్ నంబరు నా ఫోన్‌లోనే ఉంది. మళ్ళీ చేయమంటారా?