నోరా మోచేయి

బ్లాక్‌హోప్ అనే బొగ్గుగని ఊళ్లో మగాళ్లకు గొప్పలు చెప్పుకోవడానికి రెండే రెండు సంగతులు. గనిలో ఎంత లోతున పనిచేశామన్నది ఒకటి, గుడ్ ఫ్రైడే నాడు ఎన్ని సాళ్ల బంగాళాదుంపలు పాతామన్నది రెండు. గని మూతపడి ఆరేళ్లయింది కాబట్టి ఇక మిగిలింది రెండోదే. ఆ పండగ ఒక ఏడు మార్చిలో వస్తుంది, ఇంకో ఏడు ఏప్రిల్ సగం దాటాక వస్తుంది. అయితేనేం? వానైనా వడగళ్లైనా ఆ రోజు పారలు భుజాన వేసుకుని రైలుకట్ట కింది తోటల్లోకి దిగాల్సిందే. ఎందుకయ్యా అంటే, "మా నాన్న వేశాడు, మా తాత వేశాడు" అంటారు. అంతకు మించి అడిగితే కోపాలొస్తాయి.

ఆ తోటలు ఎవరి సొంతమూ కావు. నేల ఊరి కౌన్సిలుది, మనిషికో చిన్న నేలచెక్క చొప్పున కౌలుకిస్తారు. చెక్క కావాలంటే జాబితాలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకోవాలి. కౌలుదారు పోతే అది తర్వాతి పేరుకు పోతుందే గాని పెళ్లానికి రాదు.

ఒక ఏడు జూన్‌లో లెన్ స్టోబర్ట్ పోయాడు. బొగ్గు పొడి ఊపిరితిత్తుల్ని తినేసింది. వాగు ఒడ్డున అన్నింటికన్నా దిగువనున్న పద్నాలుగో నంబరు చెక్క అతనిది. అంత్యక్రియలైన పదో రోజున అతని భార్య నోరా నల్ల కోటు వేసుకుని తోటల సంఘం సమావేశానికి వెళ్లి, "పద్నాలుగో చెక్క నాకు కావాలి" అంది.

గదిలో ఉన్న పద్దెనిమిది మంది మగాళ్లూ టీ కప్పుల్లోకి చూశారు.

"మిసెస్ లెన్ స్టోబర్ట్ గారూ," అన్నాడు కార్యదర్శి విల్ఫ్ కౌలింగ్ గొంతు సవరించుకుని. "మీ బాధ మాకు తెలుసు. కానీ నిబంధన నిబంధనే కదా."

నిబంధనలన్నీ రాసింది విల్ఫే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయితే ఆల్ఫ్ ప్యాటిసన్ ఊరుకోలేదు. ఆల్ఫ్ లెన్‌తో పాటు ముప్పై ఏళ్లు గనిలోకి దిగినవాడు, పక్క చెక్క అతనిదే. "వదినకు ఒక్క ఏడు ఇచ్చి చూడరాదూ? నీ సొమ్మేం పోయింది?" అని లేచాడు. గొణిగి, సణిగి, చివరికి ఒక మాట తేల్చారు. మే రెండో శనివారం ఏటా జరిగే తనిఖీ నాటికి చెక్కలో నాలుగింట మూడు పాళ్లు పచ్చగా మొలిచి కనబడితే అది నోరాది. లేదంటే జాబితాలో మొదటి పేరుకు పోతుంది. ఆ మొదటి పేరు విల్ఫ్ అల్లుడిది. అబ్బే, ఊరికే అలా కలిసొచ్చిందిలెండి!

నోరాకు అరవై మూడేళ్లు, మనిషి పొట్టి. నలుగురు పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. ముప్పై ఏళ్లలో ఆ చెక్కలో ఒక్కనాడూ పార పట్టలేదు. లెన్ పట్టనివ్వలేదు. "నీకెందుకే ఆ మట్టి? నువ్వు పిండి పిసుక్కో చాలు" అనేవాడు ప్రేమగానే. మంచివాడు, కాదనను. కానీ ఫిబ్రవరి రాగానే కోడిగుడ్ల అట్టల్లో విత్తన దుంపల్ని కళ్లు పైకి పెట్టి ముందుగది కిటికీలో వరసగా పేర్చింది ఎవరు? నారు ఒక్కొక్కటే చిటికెనవేలితో విడదీసి కుండీల్లోకి మార్చింది ఎవరు? కూరగాయల పోటీల్లో కప్పులు లెన్‌కు వచ్చాయి, వాటికి మెరుగు పెట్టే పని నోరాకు వచ్చింది. ఇల్లు లెన్ పేరున, పింఛను లెన్ పేరున. ఆఖరికి ఆమెకు వచ్చే ఉత్తరాల మీద కూడా 'మిసెస్ లెన్' అనే ఉంటుంది. ఈ భూమ్మీద ఒక్క గజమైనా తన పేరున ఉండాలని ఆమెకు ఎంత బలంగా అనిపించిందంటే, ఆ కోరిక చూసి ఆమెకే భయమేసింది.

ఆ చలికాలమంతా తవ్వింది. మొదటి రోజు నాలుగు పారలకే నడుం పట్టేసింది. "చేతుల్తో కాదు వదినా, పార అంచును కాలితో తొక్కు. బరువంతా బూటుకివ్వు" అని ఆల్ఫ్ చూపించాడు. క్రిస్మస్ నాటికి సగం, మార్చి మొదటికి మొత్తం తిరగేసింది. ఎర్ర ఉల్లి నాటింది, చిక్కుళ్లు పెట్టింది. లెన్ వేసిపోయిన స్ట్రాబెర్రీ మొక్కల చుట్టూ కలుపు తీసింది. మూలనున్న పుల్లటి రూబార్బ్ కాడలు ఎవరి సాయమూ అక్కర్లేకుండా వాటంతటవే ఎర్రగా లేచాయి. మిగిలింది చెక్కలో సగం, అది బంగాళాదుంపలకు. అదే అసలు పరీక్ష.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే మార్చి ఇరవై నాలుగునే వచ్చి కూర్చుంది. ముందు వారమంతా వాన. వాగు ఒడ్డు బంకమన్ను బూట్లు పట్టుకుంటే వదలడం లేదు. నోరా ఎప్పటిలాగే తెల్లవారుజామున లేచి పైన సిలువ గుర్తు వేసిన పండగ బన్నులు నాలుగు డజన్లు కాల్చి, గుడ్డ కప్పిన బుట్టలో పెట్టుకుని తోటలకు దిగింది. అప్పటికే మగాళ్లందరూ వంగి పాతుతున్నారు. బన్నులు పంచి, తన చెక్కకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. స్వెట్టరు చేయి పైకి మడిచి, మట్టి కాస్త తొలిచి, మోచేయి లోపల పెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు విల్ఫ్ కంచె మీదుగా, నోట్లో బన్నుతో.

"వెచ్చదనం చూస్తున్నా. బిడ్డకు స్నానం పోసేముందు నీళ్లు చూడవూ? అలా."

"నేనెందుకు చూస్తా? నా పెళ్లాం చూసేది."

"అదే మరి. ఈ మట్టి చచ్చేంత చల్లగా ఉంది విల్ఫ్. ఇందులో దుంపల్ని పెట్టడమంటే పసిబిడ్డను వాగులో ముంచడమే. నేను ఇవాళ వెయ్యను."

తోటలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. "దుంపలకు ఉగ్గుపాలు కూడా పడతావేంటి నోరా?" అన్నాడొకడు. "జోలపాట కూడా పాడుతుంది లేవయ్యా!" అన్నాడింకొకడు. ఆల్ఫ్ మాత్రం నవ్వకుండా దగ్గరికొచ్చి, "వదినా, గుడ్ ఫ్రైడే తప్పితే మేలో తనిఖీకి మొలకలు రావు. ఆలోచించుకో" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆలోచించే అంటున్నా ఆల్ఫ్."

పైకి అలా అందే గాని, ఇంటికి వెళ్లేదారిలో తనిఖీకి ఇంకెన్ని వారాలుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మూడు వారాలు రోజూ మోచేయి పెట్టి చూసింది. ఏప్రిల్ పదహారున మట్టి మోచేతికి హాయిగా తగిలింది. ఆ రోజు పన్నెండు సాళ్లూ ఒక్కతే పాతింది.

ఏప్రిల్ ఆఖరుకు మిగతా చెక్కల్లో ఆకులు విప్పుకున్నాయి. నోరా చెక్కలో సగం నేల నున్నగా, గోధుమరంగులో ఖాళీగా పడుంది. విల్ఫ్ రోజూ అటుగా నడిచేవాడు, పని ఉన్నా లేకపోయినా. "మా అల్లుడు ఈ చెక్కలో పావురాల గూడు ఎక్కడ కట్టాలా అని చూస్తున్నాడు" అన్నాడొకసారి. ఆ రోజు నోరా లెన్ పనిముట్ల షెడ్డులోకి వెళ్లి తలుపేసుకుంది. మేకుకు వేలాడుతున్న అతని టోపీని చూసి ఏడ్చింది. "గొప్పకు పోయి నీ చెక్క పోగొట్టేశానా లెన్?" అని గట్టిగానే అడిగింది. టోపీ ఏం చెబుతుంది? కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, ఒక సాలులో వేలితో మట్టి మెల్లగా గీరింది. అంగుళం లోతులో బలిసిన మొలక కనబడింది. పక్కన గీరితే ఇంకొకటి. ఒక్కటీ తప్పలేదు. మళ్లీ దుప్పటి కప్పినట్టు మట్టి కప్పేసి నవ్వుకుంది.

ఇంతలో ఇంకో సంగతి. మే మొదటి వారం గడిచేసరికి మగాళ్ల సాళ్లలో బోసినోటిలా ఖాళీలు బయటపడ్డాయి. నాలుగు మొక్కలకు ఒకటి లేదు. తవ్వి చూస్తే విత్తన దుంప కుళ్లి ముద్దయిపోయి ఉంది. చల్లటి మట్టి మాట ఎత్తకుండా అందరూ పురుగును తిట్టారు.

తనిఖీకి ముందురోజు, శుక్రవారం సాయంత్రం, నోరా పెరట్లో ఉతికిన బట్టలు తీస్తోంది. పొద్దున్నుంచి కొట్టిన గాలి టక్కున ఆగింది. తీగ మీది దుప్పట్లు కదలకుండా వేలాడాయి. ఆకాశం కడిగినంత తేటగా ఉంది. ముప్పై మే నెలలు ఇదే తీగ మీద బట్టలారేసిన మనిషికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి సాయంత్రం మర్చిపోయి వదిలేసిన దిండుగలీబు పొద్దున్నే చెక్కలా బిగుసుకుని ఉంటుంది. తెల్లారేసరికి మంచు గడ్డకడుతుంది. అది ముందు వచ్చి కూర్చునేది దిగువనే, వాగు ఒడ్డునే.

బీరువా తెరిచింది. దుప్పట్లు, మేజా గుడ్డలు, కిటికీ తెరలు, పెళ్లినాటి లేసు పరుపు గుడ్డతో సహా అన్నీ లెన్ తోపుడుబండిలో వేసుకుని తోటలకు దిగింది. ఇంకా వెలుగుంది. మగాళ్లు తనిఖీ కోసం గట్లు చెక్కుకుంటున్నారు.

"ఇదేంటి, ఇక్కడే కాపురం పెడుతున్నావా?" అన్నాడు విల్ఫ్.

"మంచు పడబోతోంది విల్ఫ్. నీ దుంపలు జానెడు లేచాయి, ఏదైనా కప్పు. కావాలంటే రెండు దుప్పట్లిస్తా."

"రేడియోలో చెప్పలేదే!"

"రేడియో బట్టలారేస్తుందా?"

"నా మొక్కలకు పక్కలు వెయ్యనమ్మా. మగాడి తోట ఇది" అని వెళ్లిపోయాడు. ఆల్ఫ్ మాత్రం టోపీ తీసి తల గోక్కుని, "వదినా, ఓ రెండుంటే నాకు..." అన్నాడు. ఇచ్చింది. అప్పుడప్పుడే మట్టిని చీల్చుకుని పైకొస్తున్న పన్నెండు సాళ్లనూ, తెల్లపూలతో నిండిన స్ట్రాబెర్రీ మడినీ, చిక్కుళ్లనూ కప్పి, అంచులకు రాళ్లు పెట్టి ఇంటికి వెళ్లింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మగాళ్లు ఎవరి సాళ్ల దగ్గర వాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎండ తగిలిన కొద్దీ చెక్క తర్వాత చెక్క నల్లబడుతోంది. ఉడికిన ఆకుకూరలా దుంప ఆకులన్నీ వాలిపోయాయి. అవి మళ్లీ చిగురేస్తాయి, చావవు. కానీ తనిఖీ రేపటికి ఆగదు కదా!

విల్ఫ్ పుస్తకం, కొలతకర్ర పట్టుకుని పద్నాలుగో చెక్క దగ్గరికొచ్చాడు. మొహం పాలిపోయింది, అయినా బింకం పోలేదు. "నేను మొక్కలు చూడ్డానికొచ్చాను, ఉతికిన బట్టలు కాదు" అన్నాడు.

నోరా వంగి ఒక రాయి తీసి, లేసు గుడ్డ కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. తర్వాత ఇంకోటి. ఆల్ఫ్ అటువైపు నుంచి లాగడం మొదలెట్టాడు. బట్ట కింద సాలు తర్వాత సాలు, ముదురాకుపచ్చ కుచ్చులు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క ఖాళీ లేకుండా! మంచు తగిలితే ముందు నల్లబడేది స్ట్రాబెర్రీ పూల నడిమి పసుపు కళ్లే, అవి కూడా ఒక్కటీ నల్లబడలేదు. ఆ దిగువ నేలంతటిలో పచ్చగా ఉన్న చెక్క అదొక్కటే, పక్కన ఆల్ఫ్‌వి రెండు సాళ్లు తప్ప.

"కొలువు" అంది నోరా.

కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "సరిపోయింది" అన్నాడు సన్నగా.

"మరి నీ చెక్క ఎవరు కొలుస్తారు కార్యదర్శి గారూ?" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. నవ్వులు లేచాయి. నోరా చెయ్యెత్తి ఆపింది. "నెలాఖరుకు అందరివీ చిగురేస్తాయి. అప్పుడు కొలుచుకోండి. నిబంధన మనుషుల కోసం" అంది. విల్ఫ్ ఆమె వైపు చూడలేక పుస్తకం తెరిచి రాయబోయాడు. 'మిసెస్ లెన్...'

"ఆగు. లెన్ పోయాడు. ఈ దుంపలు నోరావి. నోరా స్టోబర్ట్ అని రాయి."

కొట్టేసి రాశాడు. ఆల్ఫ్ ముక్కు చీదుకున్నాడు, చలి వంకన. నోరాకు మాత్రం గుండె నిండిపోయి, అక్కడే ఆ మట్టిలో చిందులెయ్యాలనిపించింది. వేసింది కూడా, రెండడుగులు. నేను చూశాను.

మరుసటేడు గుడ్ ఫ్రైడే నాడు నాలుగు కాదు, ఆరు డజన్ల బన్నులు కాల్చి తోటలకు దిగింది. మగాళ్లందరూ వచ్చారు, పారలు కంచెకు ఆనించే ఉన్నాయి. ఒక్కడూ తవ్వడం లేదు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. విల్ఫ్ దగ్గరికొచ్చి, బూట్ల వైపు చూసుకుంటూ, "ఈ ఏడు... ఎప్పుడు వేద్దాం నోరా?" అన్నాడు.

"నన్నడుగుతావేం? నీకు లేదూ మోచేయి?"

అటూ ఇటూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. కోటు విప్పి, చొక్కా చేయి మడిచి, డెబ్బై ఏళ్ల విల్ఫ్ కౌలింగ్ మోకాళ్ల మీద కూర్చుని మట్టిలో మోచేయి పెట్టాడు.

"ఎలా ఉంది?"

"జిల్లుమంది."

"ఆ నీళ్లు బిడ్డకు పోస్తావా?"

విల్ఫ్ కాసేపు నిజంగానే ఆలోచించాడు. "పోయను" అన్నాడు.

"అయితే లేచి బన్ను తిను" అంది నోరా.